గెట్టు వదిలిన పాపానికి

"మిమ్మల్ని ఈ ఆటలో ఉంచుతున్నది ఏమిటి?" అని మొన్న మా గ్రూపులో ఒక ప్రశ్న వచ్చింది. కింద ఐదు గడులు: అందమైన ప్రపంచం, స్నేహితులు, బహుమతులు, కొత్త వస్తువులు, కాలక్షేపం. ఏదో ఒకటి నొక్కాలి. నేను నొక్కలేదు. ఆరో గడి కావాలని రాశాను. ప్రశ్న పంపినాయన, అంటే ఆట నడిపే ఆయన, నా మాట కింద ఒక నవ్వు బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. ఆ బొమ్మను నేను మర్చిపోలేదు. ఆరో గడిలో ఏం రాసేదాన్నో ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడ గడుల లెక్క లేదు కదా.

నాది చేవెళ్లలో జిరాక్స్ సెంటరు. జిరాక్సులు తీస్తాను, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపుతాను, అన్నిటికంటే ముఖ్యంగా అర్జీలు రాస్తాను. బాట మూశారని ఒకరు, గోడ జరిపారని ఒకరు, కాగితంలో తండ్రి పేరు తప్పు పడిందని ఒకరు వస్తారు. వాళ్ల రెండు గంటల బాధను ఒక పేజీలో పెట్టడం నా పని. "అక్క రాస్తే ఎదుటోడు నీళ్లు తాగాలె" అని మా దగ్గర ఒక మాట ఉంది. దాన్ని నేనెప్పుడూ కాదనలేదు.

ఆట నడిపే ఆయన నా దుకాణానికి మొదట వచ్చింది ఏదో సర్టిఫికెట్ ప్రింటు కోసం. వాళ్లది కోస్తా. ఆయన చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే అమ్మానాన్నలు హైదరాబాద్ వచ్చి స్థిరపడ్డారట. ఆయనకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మొయినాబాద్‌లో గేటున్న కాలనీలో ఇల్లు. ప్రింటరు సతాయిస్తుంటే నిలబడి నా స్క్రీన్ మీదున్న పేకముక్కల ఆట చూశాడు.

"ఇది ఒంటరి ఆట కదండీ. మా దాంట్లోకి రండి. పెద్ద ప్రపంచం, ఆడేవాళ్లంతా ఈ చుట్టుపక్కల వాళ్లే. ఎక్కడికైనా తిరగొచ్చు, ఏమైనా కట్టుకోవచ్చు."

"నాకొస్తదా సార్?"

"భలేవారే. మీలాంటి వాళ్లు కూడా ఆడొచ్చండీ. చాలా ఈజీ."

మీలాంటి వాళ్లు. ఆయన కాగితం తీసుకుని వెళ్లిపోయాడు. ఆ మాట దుకాణంలోనే ఉండిపోయింది. నేను ఆటలో చేరింది కొండలు, అడవులు చూడటానికి కాదు.

ఆట సంగతి తెలియని వాళ్లకు మూడు ముక్కల్లో చెబుతాను. లోపల మనకొక మనిషి బొమ్మ ఉంటుంది. ఖాళీగా ఉన్న చోట జెండా పాతి, చుట్టూ గీత గీసుకుంటే అంత భూమి మనది. పంట వేసుకోవచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు. కానీ ఏడు రోజులకు ఒకసారైనా భూమి గల మనిషే వచ్చి జెండాను తాకాలి. తాకకపోతే జెండా పడిపోతుంది. ఆ భూమి ఎవరు ముందు పాతితే వాళ్లది. ఇంకో సంగతి, ఒకరి కంచెను ఇంకొకరు దాటలేరు. తలుపు కట్టినవాడికే తెరుచుకుంటుంది.

నేను ఒక సరస్సు పైన వాలులో ముప్పై అంగల పొడవు, ముప్పై అంగల వెడల్పు భూమి తీసుకున్నాను. గీత గీసేటప్పుడు నాలుగు దిక్కులా రెండేసి అంగలు వదిలేశాను. ఎవరూ వదలమని చెప్పలేదు. చేయి దానంతటదే వదిలింది. చిన్నప్పుడు బాపు పొలం కొలిచేటప్పుడు తాడు కొస పట్టుకుని నడిచినదాన్ని. రెండు పొలాల మధ్య గెట్టు ఉంటుంది. అటు సగం వాళ్లు వదులుతారు, ఇటు సగం మనం వదులుతాం. దాన్ని ఎవరూ దున్నరు. గడ్డి ఇద్దరూ కోసుకుంటారు, దారినపోయే వాళ్లు నడుస్తారు. "గెట్టు ఇద్దరిది బిడ్డా, అందుకే అది ఎవ్వనిదీ గాదు" అని మా అవ్వ, అంటే మా అమ్మ, అనేది. కాగితం మీద గెట్టు సన్నటి గీత. కాలి కింద మాత్రం అది నేల.

ఆటకు గెట్టంటే ఏమిటో తెలియదు. ఆటకు తెలిసినవి రెండే: ఒకరి భూమి, ఖాళీ భూమి.

ఒక సోమవారం పొద్దున షట్టరు సగం ఎత్తి, సిస్టం వేసి లోపలికి వెళ్లాను. నా ఇంట్లోంచి బయటికొచ్చి చూస్తే నాలుగు దిక్కులా కంచె. నేను వదిలిన రెండంగల గెట్టును ఎవరో చుట్టూ తమ పేర రాసుకుని, నా గీతకు ఆనించి నిలువెత్తు కర్రలు పాతారు. తలుపు ఒకటే ఉంది. అది నాకు తెరుచుకోదు.

గ్రూపులో అడిగాను. "ఎవరిదీ కంచె?"

నా తూర్పు పక్కన భూమి ఉన్నతను జవాబిచ్చాడు. అతనిది మొయినాబాద్, చేవెళ్ల మధ్య ఉన్న కనకమామిడి ఊరు. సేద్యం చేసే ఇల్లు, ఊరి రాజకీయాల్లో తిరిగే ఇల్లు. అప్పటికి నాకు తెలిసింది అంతే.

"నాదే అక్కా. ఖాళీ ఉండె, తీస్కున్న."

"ఖాళీ కాదు. అది గెట్టు."

"మ్యాపుల గెట్టు ఏడున్నదక్కా? జర చూపియ్యి."

తొమ్మిది మంది నవ్వారు. ఆ తొమ్మిది మంది ఎవరో ఇప్పుడడిగినా చెబుతాను. నాకు ఒళ్లు మండి, "కబ్జాకోరులకు గెట్టు కనపడదు" అని రాశాను. ఎవరూ నవ్వలేదు. నాకు అదే కావాలి.

కంచెలోంచి బయటపడే దారి ఒకటి లేకపోలేదు. ఆకలితోనో దెబ్బతోనో లోపల చచ్చిపోతే దూరంగా ఉన్న పట్నంలో మళ్లీ పుడతాం. పుట్టాక నా భూమిలోకి తిరిగి రావాలంటే ఆ కంచే అడ్డం. ఏడో రోజు నా జెండా పడిపోతుంది. అంటే బయటికెళ్తే భూమి పోతుంది, లోపలుంటే భూమి ఉంటుంది. నేను లోపల ఉండిపోయాను.

ఆట నడిపే ఆయనకు ఫోను చేశాను.

"మేడమ్, సిస్టమ్ అలౌ చేసింది కదండీ. రూల్ ప్రకారం అది ఖాళీ స్థలమే. మీకింకో చోట ఇస్తాను. ఇంత పెద్ద మ్యాప్ ఉంది."

"సార్, మీ పక్కింటాయన గోడ జరుపుతే మీరు ఊరు మారుతరా?"

"రాతపూర్వకంగా పెట్టండి, చూద్దాం" అన్నాడు.

రాతపూర్వకంగా! నాతో అన్న మాట అది.

మొదటి ఫిర్యాదు ఆ రోజే గ్రూపులో పెట్టాను. విషయం, వివరణ, ప్రార్థన, జతపరిచిన చిత్రాలు. వారానికి రెండో ఫిర్యాదు, దాంట్లో మొదటిదాని ప్రస్తావన. ప్రతిసారీ ఒకే జవాబు: పరిశీలనలో ఉంది. పొద్దున దుకాణం తెరవగానే లోపలికెళ్లి జెండా తాకేదాన్ని. తాకాల్సింది ఏడు రోజులకొకసారే అయినా రోజూ తాకేదాన్ని. తర్వాత క్యారెట్ మడికి నీళ్లు పెట్టి, కంచె పక్కన నాలుగు దిక్కులా నడిచేదాన్ని. బయట ఆయన చెప్పిన పెద్ద ప్రపంచం ఉంది. కర్రల సందుల్లోంచి సరస్సు కనపడేది.

జనం రావడం అప్పుడే మొదలైంది. మొదట ఇద్దరు వచ్చి కంచె బయట నిలబడ్డారు. తర్వాత పది మంది. ఎవరో అక్కడ బల్ల వేశారు, కూర్చుని చూడటానికి.

"అక్కా, జైలు కూడు ఎట్లున్నది?"

"నీ పెండ్లి విందు కంటె నయమే ఉన్నది."

"గుమ్మడికాయ ఇసురుతున్న, పట్టుకో. తప్పిపోతే మళ్ల సార్‌కు అర్జీ పెడ్తవు."

గుమ్మడికాయ పట్టుకున్నాను. ఆకలి ఆకలే. వాళ్లలో వాళ్లు రెండు వర్గాలయ్యారు. రూలంటే రూలే అని ఒకరు. గెట్టు మీద కంచె వేసినోడు బాగుపడడని ఇంకొకరు. పొలం ఉన్న ఇళ్ల వాళ్లు చాలామంది నా వైపు, అపార్ట్‌మెంట్ల వాళ్లు చాలామంది అటు వైపు. కనకమామిడి మనిషి మాత్రం ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. వచ్చేవాడు, తన కంచె చుట్టూ ఒకసారి తిరిగేవాడు, వెళ్లేవాడు. ఆ తిరగడం నన్ను చూసి తిరగడమేనని నాకు తెలుసు.

మధ్యాహ్నాలు అవ్వ దుకాణానికి వచ్చి ఫ్యాను కింద కూర్చుంటుంది. ఒకరోజు స్క్రీన్ వైపు చాలాసేపు చూసింది.

"లేని భూమికి కావలున్నవా బిడ్డా?"

"భూమి లేకపోతేంది, గెట్టున్నది గదనే."

"అయితే ఆ పక్కోన్ని అడిగినవా?"

"సార్‌కు రాసిన. ఎనిమిదిసార్లు రాసిన."

"సార్‌ను గాదే. పక్కోన్ని. 'ఏందిరయ్యా, గెట్టు మీదికొచ్చినవ్' అని మొఖం మీద అడిగినవా?"

"ఆయనను నేనెందుకడగాలె? తప్పు ఆయనది."

"తప్పు ఆయనదే. నోరు నీది." అవ్వ అటు తిరిగి పడుకుంది. నా సొంత తల్లి నాకు ఎదురు మాట్లాడిన లెక్కలో దాన్ని కూడా వేసుకున్నాను.

పదకొండో ఫిర్యాదు పెట్టిన వారంలో పిడుగు పడింది. మా వరసలో మూడు దుకాణాల సిస్టంలు పోయాయి, నాదీ పోయింది. చివరిసారి జెండా తాకింది ఆదివారం సాయంత్రం ఆరూ పదికి. ఆ ఆట ఫోన్లో నడవదు, ఇంకొకరి సిస్టంలో నా పాస్‌వర్డ్ కొట్టడం నాకు ఇష్టం లేదు. సీపీయూ పెట్టె తీసుకెళ్లి మొయినాబాద్‌లో బాగుచేసే అతనికి ఇచ్చాను. రేపు, ఎల్లుండి అంటూ చివరికి ఆదివారం మూడింటికి రమ్మన్నాడు. అంటే ఆ సాయంత్రం ఆరూ పది లోపల పెట్టె తెచ్చి, చేవెళ్లలో తగిలించి, జెండా తాకాలి. లేకపోతే రెండు నెలల కావలి నేల పాలు.

అదే ఆదివారం నాలుగింటికి ఆట నడిపే ఆయన మొయినాబాద్‌లోనే ఒక చాయ్ హోటల్‌కు రమ్మన్నాడు. "ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడేస్తానండీ." తీర్పు చెబుతాడని నమ్మాను. పెట్టెను స్కూటీ ముందర కాళ్ల దగ్గర పెట్టుకుని, దాని మీద ప్లాస్టిక్ కవరు కట్టుకుని వెళ్లాను. మబ్బు కమ్మి ఉంది.

కనకమామిడి మనిషిని మొదటిసారి అక్కడ చూశాను. ముప్పై ఉంటాయేమో. తెల్ల చొక్కా, జేబులో రెండు ఫోన్లు. నన్ను చూసి లేవబోయి, సగంలో మనసు మార్చుకుని కూర్చున్నాడు. ఆ సగం లేవడం కూడా నాకు గుర్తుంది.

ఆట నడిపే ఆయన లాప్‌టాప్ మా వైపు తిప్పాడు. దాని మీద ఒక గీత ఉంది. మొదట కొండలా ఎక్కి, తర్వాత దిగి దిగి నేలకు తాకి, మళ్లీ ఒక్కసారిగా లేచింది.

"రోజుకు ఎంతమంది వస్తున్నారో చెప్పే గ్రాఫ్ అండీ ఇది. మొదటి నెల అందరూ వచ్చారు. తర్వాత కొత్త అడవి పెట్టాను, కొత్త గుర్రాలు పెట్టాను, ఎవరూ నిలవలేదు. ఒక దశలో ఏడుగురే మిగిలాం. ఇదిగో, ఇక్కడ చూడండి. ఇక్కడ మీ కంచె పడింది." వేలు జరిపాడు. "ఇది మీ మూడో ఫిర్యాదు. ఇది ఏడోది, ఆ రోజు రికార్డ్ అండీ. మీరు రాసేది అందరూ చదువుతారు మేడమ్, భలే రాస్తారు."

నేను రాసిన అర్జీలు ఆ గీత మీద గుట్టల్లా లేచి ఉన్నాయి. లెక్కపెట్టాను. పదకొండూ ఉన్నాయి.

"తీర్పు ఏమైంది సార్?"

"అదే చెప్తున్నానండీ. దీన్ని ఒక ఈవెంట్‌లా చేద్దాం. ఇంకో నెల నడుపుదాం. రెండు జట్లు. చివర్లో పెద్ద పంచాయితీ."

"అంటే ఇన్ని దినాలు పరిశీలనల ఉన్నదని చెప్పింది..."

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "తీర్పు చెప్పేస్తే రేపట్నుంచి ఎవరొస్తారండీ?"

కొత్త అడవీ గుర్రాలూ పనిచేయని చోట నా కోపం పనిచేసింది. దాన్ని ఆయన నీళ్ల ట్యాంకుకు మోటరు తగిలించినట్టు తగిలించుకున్నాడు.

కనకమామిడి మనిషి లేచి నిలబడ్డాడు. "నన్ను దొంగను జేసి జనాన్ని జమ జేసినవా సార్? మా ఊర్ల గూడ ఆడుతరు ఈ ఆట. మా కాక నన్ను అడుగుతున్నడు, ఎవలి గెట్టు గుంజుకున్నవురా అని." చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు.

నేను గడియారం చూశాను. ఐదు కావస్తోంది.

"మేడమ్, టెన్షన్ పడకండి. మీ జెండా గడువు నేను ఒక్క నొక్కుతో పొడిగిస్తాను. లేదంటే ఇక్కడే నా లాప్‌టాప్‌లో లాగిన్ అవ్వండి, రెండు నిమిషాల పని."

నిజమే, రెండు నిమిషాల పని. ఆ లాప్‌టాప్ నా చేతికి అందేంత దూరంలో ఉంది. కానీ ఆ పొద్దు ఆయన దయతో నిలబడిన జెండా రేపు ఎవరిది?

"నా జెండ నేనే ముట్టుకుంట సార్" అని లేచాను.

మొయినాబాద్ దాటడానికే ఇరవై నిమిషాలు పట్టింది. ఆదివారం కదా, చిల్కూరు గుడికి పోయే ఆటోలు, వచ్చే కార్లు, మధ్యలో మలుపు దగ్గర అడ్డం తిరిగిన ఒక పెళ్లి బస్సు. కాళ్ల మధ్య పెట్టెను మోకాళ్లతో నొక్కిపట్టి, కాలు నేల మీద ఈడుస్తూ ముందుకు పోయాను. ఒకతను "అక్కా, సిలిండరా అది?" అని అడిగాడు. రోడ్డు తెరుచుకున్నాక యాక్సిలరేటర్ గట్టిగా తిప్పాను. ఐదున్నరకు మొదటి చినుకు నా చేతి మీద పడింది.

కనకమామిడి దగ్గరికొచ్చేసరికి వాన దంచింది. కవరు ఒకవైపు చిరిగి ఉంది. లోపలికి నీళ్లు పోతే పెట్టె మళ్లీ పాడవుతుంది. రోడ్డు పక్కన మూసి ఉన్న ఒక పంక్చరు షాపు రేకుల కిందికి తోసుకెళ్లాను. ఐదూ ముప్పై ఎనిమిది. చేవెళ్ల ఇంకా పావుగంట దూరం, వాన లేకపోతే. పెట్టెకు నా కొంగు చుట్టి పట్టుకుని నిలబడ్డాను. వాన తగ్గలేదు.

ఒక కారు మెల్లగా ఆగింది. అద్దం దిగింది. కనకమామిడి మనిషే, మొయినాబాద్ ట్రాఫిక్‌లో నా వెనక చిక్కుకున్నట్టున్నాడు.

ఆయన నన్ను చూశాడు, నా చేతుల్లో పెట్టెను చూశాడు. అర్థమైంది. ఎన్ని గంటలకు నా జెండా పడుతుందో ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. పడగానే పాతుకోవడానికి గీతకు ఆనుకుని ఉన్నది ఆయనే. కారు కదిలిస్తే చాలు, భూమి ఆయనది.

"అక్కా, మా ఇల్లు ఈ సందులనే. తెర ఉన్నది, కరెంటున్నది. వస్తవా?"

నేను పెట్టెను ఇంకా దగ్గరికి పట్టుకున్నాను.

"వచ్చుడైతే జల్ది రా. రాకుంటే నేను పోత. మళ్ల నేను మోసం జేసిన్నని పన్నెండోది రాయొద్దు."

వెళ్లాను.

వాళ్ల ముందుగదిలో ఆయన తన పెట్టె తీగలు ఊడబీకి నా పెట్టెకు తగిలించాడు. నేను ఒకటే మాట అన్నాను: "సిస్టం నాది. కరెంటే నీది." ఆయన తల ఊపాడు. మీట నొక్కితే తెర నల్లగా ఉంది. తర్వాత నీలంగా మారి, అప్‌డేట్ అవుతున్నది, ఆపవద్దు అని వచ్చింది. బాగుచేసిన మహానుభావుడు ఏం పెట్టాడో! ఐదూ యాభై రెండు. పద్నాలుగు శాతం.

ఇద్దరం నిలబడి ఆ అంకెను చూశాం. ముప్పై ఒకటి. ముప్పై ఒకటి దగ్గర చాలాసేపు ఆగింది. ఊరికే నిలబడలేక నేను కిటికీ వైపు తిరిగాను. వెనక వాళ్ల చేను, చేను చివర ఎత్తయిన తెల్ల గోడ. గోడ అవతల ఎవరిదో ఫామ్‌హౌస్. గోడ పునాది చేనులోకే దిగి ఉంది. ఇటు నడవడానికి కాలు పెట్టేంత నేల కూడా లేదు.

"గెట్టేది?" అన్నాను.

"దాని మీదనే గోడ. రెండేండ్లాయె."

"అర్జీ పెట్టలేదా?"

"పట్నపోళ్లు. గెట్టంటె తెల్వదు వాండ్లకు. ఖాళీ ఉండె గదా అన్నరు." ఆయన తెర వైపే చూస్తున్నాడు. "ఆటల నువ్వు ఖాళీ వదిలినవు. చూడంగనే సమజైంది, గిది గెట్టని. నాకు తెల్వక తీస్కోలే అక్కా. తీస్కునేటోనికి ఎట్లుంటదో చూద్దామనిపిచ్చింది."

"ఎట్లున్నది?"

"మస్తుగనే ఉండె. నువ్వు కబ్జాకోరన్నదాంక." ఆయన తెర వదిలి నా వైపు తిరిగాడు. "ఆ మాట మా ఇంటి మీదికొచ్చింది. నువ్వు సార్‌కు పదకొండుసార్లు రాసినవ్. నన్ను ఒక్కసారన్న అడిగినవా? 'తియ్యిరా తమ్మీ' అంటె ఆ దినమే తీస్తుంటి."

అవ్వ మాట చెవిలో పడింది. తప్పు ఆయనది, ఇప్పటికీ ఆయనదే. కానీ నేను అడగలేదన్నదీ నిజమే.

ఎనభై. తొంభై ఏడు. ఆరూ రెండు. సిస్టం మళ్లీ మొదలైంది. పాస్‌వర్డ్ మొదటిసారి తప్పు కొట్టాను. లైటు ఒకసారి ఆరి వెలిగింది. పెట్టె మాత్రం ఆగలేదు. వాళ్లింట్లో ఇన్వర్టరు ఉంది. ఆరూ ఆరు. ప్రపంచం తెరుచుకుంది. నా ఇల్లు, ఎండిపోయిన నా క్యారెట్ మడి, దాని అవతల జెండా. కంచె బయట బల్ల చుట్టూ పాతిక మంది చేరి ఉన్నారు, జెండా పడటం చూడటానికి. నడిచాను. ఆరూ ఎనిమిదికి తాకాను.

బయట నిలబడ్డవాళ్లు కేకలు వేశారు. నేను తెర ముందు నుంచి లేచాను.

"ఇప్పుడు నీది పెట్టు" అన్నాను. "పెట్టి, కంచె తియ్యి తమ్మీ."

ఎవరికీ రాయకుండా, ఎవరి ముందూ కాకుండా, మనిషిని చూసి అడగడం నాకు అదే మొదటిసారి. ఆయన తన పెట్టె తగిలించుకుని లోపలికెళ్లాడు. నాలుగు దిక్కులా కర్రలు ఒకటొకటే లేచిపోయాయి. గెట్టు మీది తన జెండా దగ్గర ఆగాడు.

"కబ్జాకోరన్న మాట తియ్యి."

"తప్పయిందను."

ఇద్దరం అనలేదు. వాళ్లమ్మ తెచ్చిన చాయ్ మీద మీగడ కట్టింది. చివరికి నేను ఫోను తీసి గ్రూపులో రాశాను: "గెట్టు ఇద్దరిది. పదకొండు ఫిర్యాదులూ వాపసు. ఇక తీర్పు అవసరం లేదు." ఆయన అది చదివి, జెండా పీకాడు. గెట్టు మళ్లీ ఖాళీ అయింది.

వారం తిరగకముందే బల్ల ఖాళీ అయింది. ఆట నడిపే ఆయన గీత మళ్లీ నేలకు దిగి ఉంటుంది. ఆ ఐదు గడుల ప్రశ్న వచ్చింది ఆ తర్వాతే. కంచె తీసిన మర్నాడు నేను సరస్సు దాకా నడిచాను. రెండు నెలలు కర్రల సందుల్లోంచి చూసిన సరస్సు. ఒడ్డున కాసేపు నిలబడి వెనక్కి వచ్చేశాను. గెట్టును ఎవరూ కాపాడటం లేదు కదా. రూలు ప్రకారం ఇప్పుడు దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, ఆ తొమ్మిది మందిలో ఎవరైనా. అందుకని పొద్దున నేను వెళ్లి చూస్తాను. అదే సమయానికి ఆయనా వచ్చి చూస్తాడు. నేను తీసుకున్నానేమోనని ఆయన, ఆయన తీసుకున్నాడేమోనని నేను.

మొన్న ఆయన చేవెళ్లలో నా దుకాణానికి వచ్చాడు. ఆ తెల్ల గోడ మీద అర్జీ రాయమన్నాడు. అవ్వ ఫ్యాను కింద ఉంది. కాగితం తీసి, విషయం అని రాసి, కలం ఆపాను.

"గోడ కట్టినాయన్ని అడిగినవా? మొఖం మీద?"

"ఏడ అడుగుడక్కా, గేటు కాడ కావలోడే పోనియ్యడు."

"ముందుగాల అడిగి రా. తర్వాత రాద్దాం. నేను రాస్తే ఎట్లుంటదో నీకు తెల్సు గద."

అవ్వ నా వైపు ఒకసారి చూసి కళ్లు మూసుకుంది. నేను ఆమె వైపు చూడలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున షట్టరు ఎత్తి లోపలికి వెళ్తాను. జెండా తాకి, గెట్టు దాకా నడుస్తాను. అవతల ఆయన నిలబడి ఉంటాడు.

"అడిగినవా?"

"ఇంక లేదక్కా. రేపు పోత."

తప్పయిందన్న మాట కూడా ఆయన నోట ఇంకా రాలేదు. నేనూ కబ్జాకోరన్న ముక్క వెనక్కి తీసుకోలేదు. రేపు మళ్లీ వచ్చి అడుగుతాను.